విడిపించినవాడు నీకేమవుతాడు?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దానపు కార్డుల పళ్లెం తిరుగుతున్నప్పుడు ఏటా నా మనసు చివుక్కుమంటుంది. కార్డు తీస్తారు, చదువుకుంటారు. అందులో ఆశీర్వాదమో, రెట్టింపో, హెచ్చింపో లేకపోతే మెల్లగా పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీస్తారు. మొన్నటి ఏడాది నా ముందు వరసలో ఒకాయన మూడు తీశారు. బండి మీద వంకాయలు ఏరినట్టు దేవుని మాటను ఏరుకుంటామా? ఆయన మనకేం చెప్పాలో కూడా మనమే ఎంచుకుంటే ఇక ప్రార్థనెందుకు?

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2014 డిసెంబరు 31 రాత్రి నేనూ ఆ పనే చేయబోయాను.

ఆ అక్టోబరు 12 ఆదివారం విశాఖలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. హుద్‌హుద్ తుఫాను గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. కంచరపాలెంలో నా చిన్న జిరాక్సు, డీటీపీ షాపు రేకుల కప్పు ఎక్కడికి ఎగిరిపోయిందో కూడా తెలీలేదు. మూడో రోజు తలుపు తీస్తే మిషన్ల లోపల నీళ్లు, గోడకి అతుక్కుపోయిన ఎవరివో పదో తరగతి మార్కుల లిస్టులు. నవంబరులో మా ఇంటావిడ తన రెండు గాజులు తీసి ఇచ్చింది. వాళ్లమ్మ పెళ్లికి పెట్టినవి, 32 గ్రాములు. తాకట్టు పెట్టి మిషన్లు బాగు చేయించాను. నెల తిరక్కుండా మళ్లీ ఆగిపోయాయి.

అలాంటి సమయంలో నా చేతికొచ్చిన కార్డు యెషయా 43:1. "నేను నిన్ను విమోచించియున్నాను భయపడకుము, పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు." చదివి నిరాశపడ్డాను. తర్వాతి వచనం వచ్చినా బాగుండేది, నీళ్లలో పడి దాటేటప్పుడు తోడుంటానన్న మాట తుఫానుకైనా సరిపోయేది అనుకున్నాను. కార్డు పళ్లెంలో పెట్టబోతుంటే మా ఇంటావిడ నా మణికట్టు పట్టుకుని "ఉంచండి" అంది. ఆమె చేతికి రెండు మట్టిగాజులున్నాయి.

విమోచన, విమోచన అని పాటల్లో, ప్రార్థనల్లో ఎన్నిసార్లంటామో! మన ఇళ్లలో ఆ మాటకి ఉన్న పేరు విడిపించడం. తాకట్టు విడిపించడం. లేవీయకాండము 25వ అధ్యాయం తెరవండి, సరిగ్గా అదే మాట కనిపిస్తుంది. సహోదరుడు బీదవాడై తన స్వాస్థ్యంలో, అంటే వంశపారంపర్యపు భూమిలో, కొంత అమ్ముకుంటే, సమీప బంధువు వచ్చి దాన్ని విడిపించాలి. బీదతనంలో తననే అమ్ముకుంటే, సహోదరుల్లో ఒకడు వచ్చి మనిషినే విడిపించాలి. హెబ్రీలో ఆ బంధువుకి గోయేల్ అని పేరు. యెషయా "విమోచకుడు" అని దేవుణ్ణి పిలిచిన చోటల్లా ఉన్నది ఆ మాటే. బాగా డబ్బున్నవాడనో, దయగల అపరిచితుడనో ఆ మాటకి అర్థం రాదు. మనవాడై ఉండాలి. రూతు గ్రంథం నాలుగో అధ్యాయంలో, ఆమెను పెళ్లాడిన బోయజు కంటే దగ్గరి బంధువు ఒకడున్నాడు. పొలం విడిపిస్తానన్నాడు. పొలంతో పాటు విధవరాలైన రూతునీ చేసుకోవాలని తెలియగానే, నా స్వాస్థ్యం పోగొట్టుకుంటానేమో అని వెనక్కి తగ్గాడు. విడిపించడానికి ఖర్చవుతుంది. చుట్టరికం ఒప్పుకోవడానికి అంతకంటే ఎక్కువ ఖర్చవుతుంది.

ఇదంతా నాకు ఏ బైబిలు స్కూల్లోనూ తెలీలేదు, ఒక కౌంటరు దగ్గర తెలిసింది.

మరుసటి ఏడాది వేలం నోటీసు వచ్చింది. అసలూ వడ్డీ కట్టకపోతే ఫలానా తారీఖున గాజులు వేలం. సాయం అడగడానికి మనిషి లేడు. అన్నయ్యతో మాటలు లేక మూడేళ్లయింది. నాన్నగారి ఇంటి వాటా దగ్గర నోరు జారింది నేను. అలాంటిది, మా ఇంటావిడ వదినకి ఫోను చేసి ఏం చెప్పిందో ఏమో, గడువుకి రెండు రోజుల ముందు పొద్దున్నే అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. స్టీలుప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి నిద్రపోకుండా, ఆ బట్టలతోనే వచ్చాడు. "రశీదు తీసుకో, పద" అన్నాడు. ఇంకో మాట లేదు.

కౌంటరులో అబ్బాయి రశీదు చూశాడు, డబ్బు కడుతున్న అన్నయ్యని చూశాడు. "మీరు ఈయనకేమవుతారు సార్?" అనడిగాడు. అన్నయ్య నోట్లు లెక్కపెడుతూ తలెత్తకుండానే "మా తమ్ముడండీ" అన్నాడు.

నాకు కాళ్లలో వణుకొచ్చింది. "వారిని సహోదరులని పిలుచుటకు ఆయన సిగ్గుపడక" అని హెబ్రీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంటుంది చూశారా, దాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చదివానో! సిగ్గుపడక. నలుగురి ముందు, అప్పులవాడి పక్కన నిలబడి, వీడు నావాడు అని చెప్పడం. కలువరిలో జరిగింది ఇదే కదా! నేరస్థుల మధ్య నిలిచి యేసు మన చుట్టరికాన్ని ఒప్పుకున్నాడు. అది ఊరికే కూడా కాలేదు, ఖర్చయింది. అన్నయ్య పీఎఫ్ మీద లోను పెట్టాడని వదిన చెబితే తర్వాత తెలిసింది. పేతురు మొదటి పత్రికలో రాసిందీ అలాంటి ఖర్చు గురించే. వెండి బంగారములవంటి క్షయ వస్తువులచేత కాదు, అమూల్యమైన రక్తముచేత.

తర్వాత ఆ అబ్బాయి లోపల్నుంచి సీలు వేసిన కవరు తెచ్చాడు. మా ఎదుటే చింపాడు. గాజులు త్రాసు మీద పెట్టాడు. 32 గ్రాములు. ఏడాది చీకట్లో ఉన్నా ఒక్క వీసం తగ్గలేదు. ఒక గాజుకి మా పెద్దమ్మాయి చిన్నప్పుడు రోకలితో కొడితే పడిన సొట్ట ఉండేది, అదీ అలాగే ఉంది. తాకట్టులో ఉన్నన్నాళ్లూ అవి వేరేవాళ్ల బీరువాలో ఉన్నాయి గానీ వేరేవాళ్లవి అయిపోలేదు. "నీవు నా సొత్తు" అని దేవుడు ఎప్పుడన్నాడు? ఇశ్రాయేలు బబులోను చెరలో ఉండగానే. ఇల్లూ గుడీ పోయి, పరాయి దేశంలో కూర్చుని, మా విలువ అయిపోయిందనుకున్నవాళ్లతో అన్నాడు.

ఇక్కడ ఒక మాట. షాపు మళ్లీ తెరుచుకోలేదు. సాక్ష్యం చెప్పమని నన్ను నిలబెట్టినప్పుడు ఇది చెబితే కొందరి మొహాలు వాడిపోతాయి. పోయినదానికి రెండింతలు వచ్చిందని చెబితేనే వాళ్లకి అది సాక్ష్యం. మన ఊళ్లోనే జరిగింది గుర్తు చేసుకోండి. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి దిగారు. తెలుగు అక్షరాలు దిద్దుకుని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయారు. మరుసటేడు డెస్ గ్రాంజెస్. వాళ్ల సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ కాగితం చేత్తో పట్టుకోలేదు. ఆ పని వ్యర్థమని ఎవరైనా అనగలరా?

కాబట్టి దెబ్బతిని కూర్చున్న నా తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, లేవండి. వ్యాపారం పోయిందా, సీటు రాలేదా, పెళ్లి విరిగిందా, మీరే తప్పు చేసి తలెత్తుకోలేకపోతున్నారా? మీ తూకం తగ్గలేదు. విడిపించిన గాజులు ఎవరూ మళ్లీ బీరువాలో దాచరు, చేతికేసుకుంటారు. ఆ రోజు ఇంటికి రాగానే మా ఇంటావిడ వాటిని వేసుకుని అన్నయ్యకి అట్లు పోసింది. పెనం మీద గరిటె తిప్పినప్పుడల్లా అవి గలగలమంటుంటే, అన్నయ్య తల వంచుకుని తింటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ డబ్బు తీర్చేస్తానన్నాను. "ఊరుకోరా" అన్నాడు.

నాకొచ్చిన పని దరఖాస్తులు నింపడం, కాయితాలు సర్దడం. ఇప్పుడు శనివారాలు కేజీహెచ్ ఆసుపత్రి వరండాల్లో కూర్చుని, చదువు రాని వాళ్లకి ఆ పని చేసిపెడుతున్నాను. మొన్న పాడేరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకు కాయితాలన్నీ బియ్యం సంచిలో కుక్కుకుని గోడ పక్కన నిలబడి ఉంది. ఒక్కొక్కటీ తీసి మడతలు సాపు చేసి, వరసలో పెట్టి, ఆవిడతో పాటు లోపలికి వెళ్లాను. బల్ల దగ్గరున్నావిడ అడిగింది, "మీరీవిడకేమవుతారు?"

"మా చెల్లెలమ్మా" అన్నాను.