మ్యూజిక్ ఎవరు?

ఆదివారం. పది దాటినా మిలాన్‌లో పొగమంచు విడలేదు. శుక్రవారం ఉతికిన జీన్స్ వంటింట్లో కుర్చీ మీద ఇంకా తడిగానే ఉంది. నవంబర్లో ఇక్కడ బట్టలు ఆరవు, వాసన మారతాయంతే.

లేచేసరికి రూమ్మేట్ స్టవ్ మీద మోకా, అంటే ఇక్కడి కాఫీ కాచే గిన్నె, పెట్టి, పక్కన స్పీకర్లో పాటలు పెట్టాడు. వాడిది సార్డీనియా. స్పీకర్ వాడి చేతికి చిక్కిందంటే ఆ పూట ర్యాపర్ సాల్మో తప్పడు. సాల్మోది ఒల్బియా, అదే ద్వీపం. అభిమానులతో వాదన పెట్టుకోకూడదని ఇంటి దగ్గరే నేర్చుకుని వచ్చాను కాబట్టి నేనేమీ అనను. కానీ ఇవాళ పెట్టింది సాల్మో ఆల్బమ్ కాదు, మేస్ చేసిన ‘ఓబీఈ’. 2021 ఫిబ్రవరిలో వచ్చింది.

మేస్ ఈ ఊరివాడే, ప్రొడ్యూసర్. ర్యాప్ వాళ్ల లెక్కలో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు కాదు, బీట్ కట్టేవాడు. ఈ ముక్క మనవాళ్లకి చెప్పాల్సొచ్చిన ప్రతిసారీ నాకు అయిదు నిమిషాలు పడుతుంది. ఆల్బమ్ మీద పేరు ఆయనది, లోపల పాటకో గొంతు, ఒక్కోదాంట్లో రెండు మూడు. ‘ఓబీఈ’ అంటే ‘ఔట్ ఆఫ్ బాడీ ఎక్స్‌పీరియన్స్’కి పొట్టిపేరు. ఒంట్లోంచి బయటికొచ్చి తనని తానే పైనుంచి చూసుకోవడం అన్నమాట. పాట తనది, నోరు ఇంకొకళ్లది! పేరు బాగానే కుదిరింది.

మోకా గురగురలాడే వేళకి ‘లా కంత్సోనె నోస్త్రా’ వచ్చింది. దీన్ని ఆల్బమ్ కంటే ముందే, జనవరిలో వదిలారు. ఇందులో సాల్మోతో పాటు బ్లాంకో అని ఒక కుర్రాడు పాడాడు. గార్దా సరస్సు పక్క పల్లెటూరివాడు. పాట వచ్చేనాటికి వాడికి 17 ఏళ్లు, సాల్మోకి 36. కుర్రాడు గొంతు జీరపోయేలా అరిచి పాడుతుంటే, పెద్దాయన వచ్చి తన వాటా తాను నింపాదిగా చెప్పుకుపోతాడు. మా వాడు సాల్మో ముక్క వచ్చేదాకా చెంచాతో బల్ల మీద కొడుతూ కూర్చుని, రాగానే ఆపేశాడు. ఆ కుర్రాడే మరుసటి ఏడాది మహమూద్ అనే ఇంకో గాయకుడితో కలిసి సాన్‌రెమో పాటల పోటీ గెలిచాడు. అప్పటినుంచి వాడి పేరు తెలియని ముసలమ్మ కూడా ఈ దేశంలో ఉన్నట్టు లేదు.

“ప్రొడ్యూసర్ ఆల్బమ్ ఎవరూ మొత్తం వినరు, నచ్చినవాళ్లు ఎక్కడున్నారో చూసి ఆ నాలుగు పాటలే ఏరుకుంటారు,” అన్నాడు రూమ్మేట్. 2011లో డాన్ జో, షాబ్లో కలిసి చేసిన ‘థోరి ఎ రొచ్చే’, 2019లో నైట్ స్కిన్నీ చేసిన ‘మత్తోని’ చెప్పాడు. మత్తోని అంటే ఇటుకలు. నిజమే, అది విన్నప్పుడు నాకూ అలాగే ఉంటుంది: పెళ్లిభోజనంలో ఆకు పట్టనన్ని వడ్డించినట్టు, ఎవరికి వాళ్లు పక్కవాడి కంటే గట్టిగా కొట్టాలని చూసినట్టు. ‘ఓబీఈ’ అలా కాదు. వచ్చినవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చారనిపిస్తుంది. ‘ఆయహువాస్కా’ అని ఒకటుంది, అమెజాన్ అడవుల్లో తీగ తెచ్చి కాచే కషాయం పేరు. అందులో సిసిలీ నుంచి కొలాపేషె, వెనోసా నుంచి కియెల్లో. ఒకడు పాటలు రాసుకుని పాడుకునేవాడు, ఇంకొకడు ట్రాప్ వాడు, అదీ ర్యాప్‌లో ఒక రకమే. వెనోసా అంటే లాటిన్ కవి హోరేస్ పుట్టిన ఊరు. ఇది నాకు పాటలవల్లే తెలిసింది, చదువువల్ల కాదు.

‘కంత్సోనె నోస్త్రా’ని మీ భాషలో ఏమంటారని అడిగాడు. ‘మన పాట’ అని టక్కున అనేసి ఆగిపోయాను. నోస్త్రా అంటే మన అనీ అవుతుంది, మా అనీ అవుతుంది. వింటున్నవాడు లోపలున్నాడా, బయటున్నాడా అనేది వాళ్లకి పట్టింపు లేదు, మనకి రెండు మాటలున్నాయి. ఇది విడిపోయిన జంట పాట కాబట్టి ఆమెతో అంటే మన, ఊరితో అంటే మా. ఇదంతా నా ఇటాలియన్లో వాడికి చెప్పేలోపు కాఫీ చల్లారింది. “ఒక మాటకి ఇంత గొడవా?” అన్నాడు.

మధ్యాహ్నం బాస్మతి అయిపోయిందని చూసుకోకుండా పప్పు తాలింపు పెట్టేశాను. అల్మరాలో వాడి ఆర్బోరియో బియ్యం ఉంటే అవే వండాను. రిసొత్తోకి, అంటే వీళ్లు ముద్దగా వండుకునే అన్నానికి, బంగారం లాంటి బియ్యం. పప్పులో మాత్రం మైదాతో కాసిన జిగురులా అయింది. తిన్నాను.

నాలుగింటికి తెనాలికి ఫోన్ చేశాను, అక్కడ ఎనిమిదిన్నర. వెనక పాట మోగుతూనే ఉంది.

“ఏంట్రా ఆ పాట?”

“ఇటలీ పాట నాన్నా.”

“మ్యూజిక్ ఎవరు?”

రూమ్మేట్ అయితే ఎవరు పాడారని అడిగేవాడు. నాన్న బీరువా కింద అరలో బిస్కెట్ల డబ్బా నిండా క్యాసెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద బాల్‌పెన్నుతో ‘ఇళయరాజా 3’, ‘ఇళయరాజా 4’ అని రాసి ఉంటుంది. సినిమా పేరు ఉండదు, బాలు పేరు ఉండదు.

“మేస్ అని ఒకాయన.”

“ఆయనే పాడాడా?”

“లేదు, వేరేవాళ్లతో పాడించాడు.”

“మరింకేం, మన పద్ధతే. రాసిందెవరు?”

“ఎవరి చరణం వాళ్లే రాసుకుంటారు. ఇంకొకడితో రాయించుకుంటే పరువు తక్కువ.”

నాన్న కాసేపు ఏమీ అనలేదు. టీవీ సౌండ్ తగ్గించాడు.

“సందర్భం ఎవరు చెప్తార్రా మరి? సినిమా లేదాయె.”

నాకూ తట్టలేదు. ఏదో ఒకటి అనుకుంటారులే అన్నాను. అమ్మ ఫోన్ లాక్కుని అన్నం సంగతి అడిగింది, బాస్మతే వండానని అబద్ధం చెప్పాను. పెట్టేసే ముందు వెనకనుంచి నాన్న గొంతు వినిపించింది: “బాగానే ఉందిగా, ఇంకో రెండు పంపించమను, మీ ఇటలీ పాటలు.”

మీ.

రెండు లింకులు పంపాను. జీన్స్ తీసి హీటర్ మీదికి మార్చాను.