టికెట్ లేకుండా దొరికితే బోగీలోనే తేల్చుకోండి

బోగీలో టీటీఈకి కట్టేదాన్ని మనందరం ఫైన్ అంటాం. చట్టం లెక్కలో అది ఫైన్ కాదు, అదనపు ఛార్జీ. ఫైన్ వేసేది మేజిస్ట్రేటు. మొదటిది డబ్బు కట్టి రసీదు తీసుకుంటే అక్కడితో సరి. రెండోది నేరం రుజువై శిక్ష పడినట్టు. ఈ తేడా తెలియక టీటీఈతో బేరానికి దిగి కోర్టు మెట్లెక్కేవాళ్లున్నారు.

1989 రైల్వే చట్టంలో 138వ సెక్షన్ బోగీలో తేలే వ్యవహారం. ప్రయాణించిన దూరానికి మామూలు ఛార్జీ, దానిమీద అంతే మొత్తం లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. ఛార్జీ 180 అయితే 180కి 250 కలిపి 430. ఛార్జీ 400 అయితే దానికి ఇంకో 400 కలిపి 800. జనరల్ టికెట్‌తో స్లీపర్ ఎక్కినా, టికెట్ ఉన్న స్టేషన్ దాటి ముందుకెళ్లినా ఇదే పద్ధతి, కాకపోతే లెక్క రెండు ఛార్జీల మధ్య తేడా సొమ్ము మీద ఉంటుంది. తేడా 60 రూపాయలే అయినా పైన 250 పడుతుంది.

ఎక్కడ ఎక్కారో అనుమానం వస్తే రైలు బయల్దేరిన స్టేషన్ నుంచి లెక్క కడతారు. దారిలో ఒకసారి చెకింగ్ జరిగి ఉంటే ఆఖరి చెకింగ్ జరిగిన చోటి నుంచి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌ను కాజీపేటలో ఎక్కి సికింద్రాబాద్ వస్తున్నవాడు కాజీపేటలోనే ఎక్కానని చూపించలేకపోతే, లెక్క న్యూఢిల్లీ నుంచి మొదలవ్వొచ్చు. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్ అక్కరకొచ్చేది ఇక్కడే. అది ప్రయాణ టికెట్ కాదు, 250 తప్పదు, కానీ ఎక్కిన స్టేషన్‌కు సాక్ష్యం. ఇంతకన్నా మంచి దారి ఇంకోటుంది. టికెట్ తీసుకునే టైం లేకపోతే ఎక్కకముందే గార్డునో టీటీఈనో అడిగి, తర్వాత ఛార్జీ కడతానన్న షరతుమీద అనుమతి పత్రం రాయించుకోవచ్చు. 55వ సెక్షన్‌లో ఉంది. అది చేతిలో ఉంటే అదనపు ఛార్జీ వేయకూడదు, మామూలు ఛార్జీ చాలు. దీన్ని వాడుకునేవాళ్లు మాత్రం అరుదు.

సంక్రాంతి రద్దీలో ఎక్కువమంది ఇరుక్కునేది వెయిటింగ్ లిస్ట్ దగ్గర. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్‌లో పేర్లన్నీ వెయిటింగ్‌లోనే ఉండిపోతే, చార్ట్ పడగానే టికెట్ దానంతటదే రద్దయి డబ్బు వెనక్కొస్తుంది. ఆ రద్దయిన టికెట్ మెసేజ్ చూపించి స్లీపర్‌లో నిలబడితే, టీటీఈ లెక్కలో మీరు టికెట్ లేనివాళ్లే. నలుగురిలో ఇద్దరికి కన్ఫర్మో ఆర్‌ఏసీయో అయితే మాత్రం మిగతా ఇద్దరి పేర్లు కూడా చార్ట్‌లో ఉంటాయి, నలుగురూ వెళ్లొచ్చు, బెర్తులు మాత్రం ఇద్దరివే. కౌంటర్‌లో కొన్న వెయిటింగ్ టికెట్ రద్దవదు, దాంతో జనరల్ బోగీలో వెళ్లొచ్చు. స్లీపర్‌లోకి వస్తే అదనపు ఛార్జీ వేయొచ్చు, దించి జనరల్‌కు పంపొచ్చు. వెళ్లకూడదనుకుంటే రైలు బయల్దేరే టైంకు 30 నిమిషాల ముందే కౌంటర్‌లో రద్దు చేయించుకోవాలి, లేకపోతే డబ్బు రాదు.

ఫోన్ టికెట్ల సంగతి వేరు. యాప్‌లో తీసుకున్న జనరల్ టికెట్‌ను యాప్‌లోనే తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు, చార్జింగ్ అయిపోయిందన్నా వినరు. జనరల్ టికెట్‌కు గడువు కూడా ఉంది. 199 కిలోమీటర్ల లోపు ప్రయాణమైతే టికెట్ తీసుకున్న 3 గంటల్లోపు, లేదా ఆ ఊరికి వెళ్లే మొదటి రైలు బయల్దేరేలోపు, ఏది ఆలస్యమైతే దాని ప్రకారం ఎక్కాలి. పొద్దున తీసుకుని సాయంత్రం ఎక్కితే టికెట్ జేబులో ఉన్నా లేనట్టే. రిజర్వేషన్ ఈ-టికెట్ ఉన్నవాళ్లలో ఏ ఒక్కరి దగ్గరా ఒరిజినల్ గుర్తింపు కార్డు లేకపోతే అదీ ఇంతే.

టీటీఈకి డబ్బు కట్టాక రసీదు జేబులో పెట్టేసుకోకండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతమంది, ఛార్జీ ఎంత, అదనం ఎంత అన్నవి నాలుగూ చూడండి. ఇకమీదట మీ టికెట్ అదే. రాజమండ్రి వెళ్లాల్సినవాళ్లకు ఏలూరు దాకా రాసి ఉంటే, ఏలూరు దాటాక వచ్చే చెకింగ్ వాళ్లు మళ్లీ వసూలు చేస్తారు. ముగ్గురి డబ్బు ఒకే ఫోన్ నుంచి పంపినప్పుడు రసీదులో ఒక్కరే ఉండడం ఇంకో పొరపాటు. రసీదు లేకుండా తక్కువకు వదిలేస్తానంటే ఒప్పుకోకండి, పక్క బోగీలో ఇంకొకరు పట్టుకుంటే చూపించడానికి ఏమీ ఉండదు. రసీదు ఇవ్వకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి, లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో బోగీ నంబరుతో ఫిర్యాదు పెట్టండి.

కట్టనంటే విషయం మేజిస్ట్రేటు దగ్గరికి పోతుంది. ఆయన ఆ సొమ్మును జరిమానాలాగే వసూలు చేయిస్తారు, అప్పుడూ కట్టకపోతే 10 రోజుల నుంచి నెల దాకా జైలు. టికెట్ లేనివాళ్లను దించేసే అధికారం కూడా రైల్వేకుంది. కానీ మగతోడు లేని స్త్రీని, పిల్లలను ఎక్కడపడితే అక్కడ దించకూడదు. ఎక్కిన స్టేషన్, జంక్షన్, ఆఖరి స్టేషన్ లేదా జిల్లా కేంద్రంలోనే, అదీ పగటిపూటే దించాలి.

137వ సెక్షన్ అసలు ప్రాసిక్యూషన్. రైల్వేను మోసం చేసే ఉద్దేశంతో ఎక్కడం, వాడేసిన టికెట్‌ను మళ్లీ వాడడం దీని కిందికొస్తాయి. టీటీఈ వస్తున్నాడని బాత్రూంలో దూరి గడియ పెట్టుకున్నవాడు ఆ ఉద్దేశాన్ని తనే చూపించినట్టు. 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప జరిమానా 500కు తగ్గదు. ఛార్జీ, అదనపు ఛార్జీ వీటికి వేరే.

స్టేషన్ గేట్లన్నీ మూసి చేసే చెకింగ్‌లో ఒక్కోసారి మేజిస్ట్రేటు అక్కడే కూర్చుంటారు. పేరు, చిరునామా రాసుకుంటారు, ఆరోపణ చదువుతారు, ఒప్పుకుంటారా అని అడుగుతారు. 'ఒప్పుకుంటే పది నిమిషాల్లో వెళ్లిపోవచ్చు' అని పక్కనున్నవాళ్లు చెబుతారు. నిజమే, కానీ ఒప్పుకోవడమంటే శిక్ష పడడం. నిజంగా టికెట్ ఉండి చూపించలేకపోయినవాళ్లు, పీఎన్ఆరో డబ్బు కట్టిన వివరమో ఉన్నవాళ్లు ఒప్పుకోకూడదు. ఇది బెయిలు దొరికే నేరమే. పూచీకత్తు రాసిచ్చి వాయిదాకు వెళ్లొచ్చు, వాయిదా తప్పితే మాత్రం వారెంటు వస్తుంది. టికెట్ లేని మాట నిజమైతే, మొదటిసారి దొరికిన విద్యార్థుల తరఫున లాయరు 1958 ప్రొబేషన్ చట్టం 3వ సెక్షన్ కింద మందలించి వదిలేయమని అడగొచ్చు. 18 ఏళ్లు నిండనివాళ్లను ఈ కోర్టులో నిలబెట్టకూడదు, వాళ్లది జువెనైల్ బోర్డు.

కోర్టులో కట్టిన రసీదు, కేసు నంబరు ఉన్న కాగితం ఏళ్ల తరబడి దాచండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో, కోర్టు మీకెప్పుడైనా జరిమానా వేసిందా అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ 'లేదు' అని రాసి తర్వాత బయటపడితే, ఉద్యోగానికి ముప్పు తెచ్చేది ఆ 500 జరిమానా కాదు, దాచిపెట్టడం. టీటీఈకి బోగీలో కట్టిన 430ని ఆ ఫారంలో రాయక్కర్లేదు.