దేవుడి మీద ఒట్టు పెట్టనన్న సాక్షి

"దేవుడి మీద ప్రమాణం చెయ్యనండీ" అన్నాడు సాక్షి బోనెక్కీ ఎక్కగానే. హాల్లో తలలు లేచాయి. జడ్జిగారు మాత్రం మామూలుగా, "మనస్సాక్షిగా చెప్పండి" అన్నారు. క్లర్కు చదివే వాక్యంలో దేవుడి మాట ఒక్కటే పోయింది.

1969 ప్రమాణాల చట్టం 5వ సెక్షన్ ఇచ్చిన వెసులుబాటు ఇది. కారణం చెప్పక్కర్లేదు. కాకపోతే ముందే చెప్పాలి, లేకపోతే క్లర్కు అలవాటుకొద్దీ పాత పాఠమే అప్పజెప్పేస్తాడు. అన్నట్టు, గీత మీద చెయ్యి వేయించడం సినిమాల సంగతి. చట్టంలో ఇచ్చిన నమూనాల్లో పుస్తకం ఊసే లేదు.

నాకు నచ్చేది 7వ సెక్షన్. ప్రమాణం చేయించడం మరిచిపోయినా సాక్ష్యం చెల్లుతుంది, నిజం చెప్పాల్సిన బాధ్యతా పోదు. అబద్ధమాడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా జైలు, ఆస్తికుడికైనా నాస్తికుడికైనా. పన్నెండేళ్లలోపు పిల్లలు ప్రమాణమంటే ఏంటో తెలియకపోయినా, నిజం చెప్పాలని తెలిస్తే చాలు, ఒట్టు లేకుండానే సాక్ష్యం చెప్పొచ్చు.

దేవుణ్ణి నమ్మకుండా నిజాయితీగా బతికినవాళ్లు మనకేం కొత్త కాదు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా, 1948లో తన కూతురు మనోరమకు దళితుడైన అర్జునరావుతో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. గుడికెళ్లే పెద్దమనుషుల్లో ఎందరు చేశారో ఆ పని!

ఈరోజు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మాత్రం ఎదుటి పక్షం వకీలు దేవుడి జోలికే పోలేదు. తేదీలు, దూరం, ఆ రాత్రి వీధిలైటు వెలిగిందా లేదా, అవే అడిగాడు.