సగం బతికిన లింకు: గోడౌన్ స్విచ్‌తో నా అనుభవం

గోడౌన్ నుంచి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. ఒకసారి స్కానర్లు పనిచేయవు, బిల్లింగ్ బాగానే ఉంటుంది. ఇంకోసారి నాలుగు స్కానర్లలో ఒకటే ఆగిపోతుంది. "బాబూ, మల్లీ ఎల్లిపోనాది" అని సూపర్‌వైజర్ గారు ఫోన్ చేస్తారు. నేను ఆఫీసులో కూర్చుని గోడౌన్ స్విచ్‌కు (అక్కడి స్కానర్లను నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె) పింగ్ పెడితే, అంటే అందుతున్నావా అని చిన్న పలకరింపు పంపితే, ఒక్కటీ పోకుండా జవాబు వస్తుంది. "ఇక్కడ బానే ఉంది కదండీ" అంటే ఆయనకు కోపం రావడం న్యాయమే. స్కాన్ కాకపోతే లోడు కదలదు, లోడు కదలకపోతే లారీ ఆగిపోతుంది, కళాసీలు ఆ ఎండలో ఊరికే కూర్చోవాలి. వాళ్ళకి కూలి లోడు లెక్కన.

మాది విశాఖ గాజువాక ఆటోనగర్. ముందు ఆఫీసు, అదే ఆవరణలో వెనక గోడౌన్. రెండు స్విచ్‌ల మధ్య రెండు సింగిల్‌మోడ్ ఫైబర్ (వెలుగుతో డేటా మోసే గాజు పోగు) లింకులున్నాయి, ఒక్కో లింకులో పోవడానికో పోగు, రావడానికో పోగు. రెండు లింకులనూ ఎల్‌ఏసీపీ అనే పద్ధతితో ఒకే లింకులా పనిచేసే పోర్ట్ చానెల్‌గా కట్టాం. ఒకటి పోయినా రెండోది నడుస్తుందన్న ధైర్యంతో అలా కడతాం. కానీ చానెల్‌లో ట్రాఫిక్ రెండు లింకుల మీదా సమానంగా చిలకరించినట్టు పోదు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న అడ్రసులను బట్టి, ఒక్కో సంభాషణ ఒక్కో లింకు పట్టుకుని అక్కడే ఉంటుంది. కాబట్టి ఒక లింకు జబ్బుపడితే, దాని మీద పడ్డవాళ్ళకే కష్టం. నా పింగ్ మంచి లింకు మీద వెళ్తోంది, ఆ స్కానర్ది రెండోదాని మీద వెళ్తోంది. ఇది అర్థమయ్యాక సూపర్‌వైజర్ గారు చెప్పిన ప్రతి మాటా నిజమేనని తేలింది.

స్విచ్‌ల లాగ్‌లు (ఏ టైమ్‌కి ఏం జరిగిందో రాసుకునే చిట్టా) తీస్తే ఇంకో చిక్కు. ఆఫీసు స్విచ్ టైమ్ సరిగ్గానే ఉంది, గోడౌన్ స్విచ్ మాత్రం 1993లో బతుకుతోంది. టైమ్ సెట్ చేయని సిస్కో స్విచ్‌లు 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. రెండు వైపుల లాగ్‌లు పక్కపక్కన పెట్టి చదవలేకపోతే ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో తెలియదు. అందుకే మొదట రెండింటికీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీదే గడియారాలు కలిపే పద్ధతి) పెట్టాను. ఈ పని నెట్‌వర్క్ కట్టిన రోజే జరగాలి, చాలాచోట్ల జరగదు.

టైమ్ కలిశాక కథ కనిపించింది. రెండో లింకు కొంతసేపు పడుతూ లేస్తూ ఉంటుంది. పది సెకన్లలో ఐదుసార్లు అలా అయితే స్విచ్ ఆ పోర్టును ఎర్ర్‌డిజేబుల్ చేసి మూసేస్తుంది. మా దాంట్లో రికవరీ ఆన్ చేసి ఉంది, 300 సెకన్లకి మళ్ళీ తెరుస్తుంది. ఆ ఐదు నిమిషాలూ గోడౌన్‌లో అందరికీ హాయి, ఎందుకంటే మొత్తం ట్రాఫిక్ మంచి లింకు మీదకి వెళ్తుంది. పోర్టు తెరుచుకోగానే మళ్ళీ అవస్థ. అంటే లింకు చచ్చినప్పుడు బాగుంది, సగం బతికి ఉన్నప్పుడే పాడవుతోంది. వెంటనే ఆ పోర్టును చేత్తో షట్‌డౌన్ చేసి, లోడింగ్ అంతా మంచి లింకు మీద నడవనిచ్చాను. వెతుకులాట లారీలు వెళ్ళిపోయాక సాయంత్రాలు పెట్టుకున్నాను.

మా సప్లయర్ "మాడ్యూల్ మార్చేయండి సార్" అన్నాడు. మాడ్యూల్ అంటే ఎస్ఎఫ్‌పీ, స్విచ్ పోర్టులో దూర్చి ఫైబర్ తగిలించే, వెలుగు పంపి అందుకునే ముక్క. చాలామంది ముందు చేసే పని అదే. నేను ఒప్పుకోలేదు. పరీక్షించకుండా ముక్క మారిస్తే, తీసి పెట్టిన కుదుపుకే లింకు లేచి, నెల తర్వాత మళ్ళీ పడుతుంది. అప్పుడు చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

రెండు వైపులా ఎర్రర్ కౌంటర్లు సున్నా చేసి, పోర్టు తెరిచి చూశాను. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి చేరిన డేటా లెక్క) గోడౌన్ వైపే పెరుగుతున్నాయి, ఆఫీసు వైపు ఒక్కటీ లేదు. సీఆర్‌సీ తప్పు అందుకునేవాడి దగ్గర కనిపిస్తుంది, కాబట్టి ఆఫీసు నుంచి గోడౌన్‌కు వెలుగు తెచ్చే పోగులోనో, ఆ దారిలో ఉన్న కనెక్టర్లలోనో, చివర్లలో ఉన్న ఎస్ఎఫ్‌పీల్లోనో లోపం. తిరుగు దారి శుభ్రంగా ఉంది. వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది.

తర్వాత ట్రాన్సీవర్ (ఎస్ఎఫ్‌పీకే ఇంకో పేరు) రీడింగులు. వెలుగు బలాన్ని డీబీఎంలో చూపిస్తుంది, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువని. ఆఫీసు ఎస్ఎఫ్‌పీ మైనస్ 6 డీబీఎం దగ్గర పంపుతోంది, కాబట్టి పంపేవాడు బాగానే ఉన్నాడు. గోడౌన్‌లో మంచి లింకుకు అందుతున్నది మైనస్ 7, రెండోదానికి మైనస్ 18 కన్నా కింద. మా ఎస్ఎఫ్‌పీల రకమైన 1000బేస్-ఎల్ఎక్స్ రిసీవర్‌కు కనీసం మైనస్ 19 ఉండాలి. 10 డీబీ తేడా అంటే వెలుగు పదోవంతుకు పడిపోయినట్టు. మా ఆవరణంత దూరానికి ఫైబర్ అంత తినదు. ఎవరో మధ్యలో తింటున్నారు.

విచిత్రం ఏమిటంటే, నేను గోడౌన్ స్విచ్ ఉన్న ర్యాక్ (బీరువాలాంటి పెట్టె) తలుపు తెరిచి దాని ముందు నిలబడ్డంతసేపూ ఎర్రర్లు పెరగలేదు. ఆఫీసుకి తిరిగి రాగానే మళ్ళీ మొదలు. ఇంత చిరాకు పుట్టించే లోపం నేను ఇంకోటి చూడలేదు. అప్పుడు మా టీమ్‌లో తమ్ముణ్ణి ఆఫీసులో కూర్చోబెట్టి, రిమోట్‌గా గోడౌన్ స్విచ్ రీడింగులు ఫోన్లో చదువుతూ ఉండమన్నాను. ర్యాక్ తలుపు మూశాను. "మైనస్ 20 అన్నా, పడిపోయింది" అన్నాడు. తెరిచాను. "మైనస్ 14." మళ్ళీ మూశాను, మళ్ళీ అదే.

ప్యాచ్ కార్డ్ (స్విచ్‌కు, పెద్ద ఫైబర్ కేబుల్ వచ్చి ఆగే ప్యానెల్‌కు మధ్య ఉండే చిన్న ఫైబర్ వైరు) పొడవు ఎక్కువై, మిగిలిన చుట్ట తలుపు కీలు దగ్గర వేలాడుతోంది. తలుపు మూస్తే రెండు పోగుల్లో ఒకటి రేకు అంచుకు నొక్కుకుని వంగిపోతోంది. వంపు దగ్గర వెలుగు గాజు కోర్‌లోంచి బయటికి జారిపోతుంది. రిపేరుకి ఎవరు వచ్చినా ముందు తలుపు తెరుస్తారు కాబట్టి, చూసేవాళ్ళకి లోపం ఎప్పుడూ కనపడదు.

అయితే వంపు ఒక్కటే దోషి కాదు. కార్డ్‌ను నిటారుగా పెట్టినా మైనస్ 14 దగ్గరే ఆగింది. ప్యానెల్ దగ్గర ఎల్‌సీ కనెక్టర్ (ఫైబర్ చివర ఉండే చిన్న ప్లగ్గు) తీసి, ఫైబర్ మొహాన్ని పెద్దది చేసి చూపే స్కోప్‌లో చూస్తే, మొహం మీద పొరలా మురికి. ఉప్పు గాలి, తేమ, గోడౌన్ దుమ్ము కలిస్తే విశాఖలో ఇది మామూలే. క్యాప్ లేకుండా ఒక పూట బయట ఉంచిన కనెక్టర్ చాలు. కోర్ తొమ్మిది మైక్రాన్ల వెడల్పే, దాని మీద ఒక రేణువు కూర్చుంటే అడ్డే. క్లీనర్ పెన్నుతో కార్డ్ చివర, ప్యానెల్ లోపలి చివర రెండూ తుడిచి మళ్ళీ స్కోప్‌లో చూసి పెట్టాను. రీడింగ్ మైనస్ 7కి వచ్చింది. కొత్తగా ఈ పని నేర్చుకునేవాళ్ళకి ఒక్క మాట: ఫైబర్ చివర కంటితో నేరుగా చూడకండి. 1310 నానోమీటర్ల వెలుగు కంటికి కనపడదు, హాని మాత్రం చేయగలదు.

మురికి ముందే చాలా వెలుగు తినేసింది, తలుపు మిగిలింది లాగేసుకుంది. రెండిట్లో ఒకటే ఉండుంటే లింకు నడుస్తూనే ఉండేది, మాకు తెలిసేదే కాదు.

ఇప్పుడు ఆ ర్యాక్‌లో సరిపడా పొడవున్న కార్డులు పక్క గైడ్‌లోంచి వెళ్తున్నాయి. వాడని ప్రతి పోర్టుకూ క్యాప్ ఉంది. మానిటరింగ్‌లో ప్రతి లింకుకూ మామూలు రీడింగ్ రాసి పెట్టి, దానికన్నా 3 డీబీ తగ్గితే మెసేజ్ వచ్చేలా చేశాను. మార్చేయమన్న పాత ఎస్ఎఫ్‌పీలే రెండు వైపులా ఉన్నాయి, సీఆర్‌సీ కౌంటర్ సున్నా దగ్గరే ఉంది.