నలభై తొమ్మిదో రోజు గండం

కొత్తపట్నం దగ్గర మా మామ రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఒక రాత్రి కాసేపు మొరాయించి, మళ్ళీ వాటంతట అవే తిరిగాయి. తిట్లన్నీ కరెంటోళ్ళకే పడ్డాయి. "మోటారు బాగానే ఉండాదబ్బాయా, పెట్టెలోనే ఏందో ఉంది" అన్నాడు మామ. నిజమే, పెట్టె అంటే మోటార్లను తిప్పి ఆపే కంట్రోలర్. కంట్రోలర్‌లోని ప్రోగ్రాం, కరెంటు వచ్చినప్పట్నుంచి గడిచిన మిల్లీసెకన్లను (సెకనులో వెయ్యో వంతు) 32 బిట్లలో, అంటే 32 సున్నా-ఒకట్ల గడుల్లో లెక్కపెడుతోంది. 429,49,67,295 దాటితే మళ్ళీ సున్నా, అంటే 49.7 రోజులకోసారి. ఆ హద్దుకు ముందు "ఇంకో పది నిమిషాలు తిప్పు" అంటే గడువు హద్దు దాటి చిన్న అంకె అయిపోతుంది. గడువు ఎప్పుడో అయిపోయిందనుకుని మోటారు ఆపేస్తుంది. ఇన్వర్టర్ లేని చెరువుల్లో ఈ తంటా కనపడదు, కరెంటు కోతే లెక్కను మొదటికి తెస్తుంది మరి!

లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయైన కెర్నెల్లో దీనికి మందు భలే ఉంటుంది. రెండు సమయాల్లో ఏది పెద్దదని చూడరు. ఒకదాన్లోంచి ఇంకోటి తీసేసి, వచ్చింది రుణమా ధనమా అని చూస్తారు. తేడా మొత్తం పరిధిలో సగం లోపుంటే లెక్క తప్పదు. నాకు ముచ్చటేసింది ఇంకోటి: జిఫ్ఫీస్ (కెర్నెల్ సమయం కొలిచే టిక్కులు) లెక్కను సున్నా నుంచి కాక, 32 బిట్ల హద్దుకు ఐదు నిమిషాల ముందు నుంచి మొదలుపెడతారు. తప్పుడు కోడ్ ఉంటే రాసినోడి టేబుల్ మీదే బయటపడాలని.

 

మామకి మాత్రం నెలకోసారి స్విచ్ ఆపి వేయమన్నా, కొత్త ప్రోగ్రాం ఎక్కించేదాకా.