మల్లికి వచ్చిన అంటు క్యాన్సర్

మల్లి మా వీధి కుక్క. పుట్టింది మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే. పోయిన వేసవిలో అది పడుకుని లేచిన చోటల్లా రక్తపు చుక్కలు కనపడడం మొదలైంది. "ఎదకొచ్చి ఉంటదిలేమ్మా, అదే తగ్గిపోద్ది" అన్నాడు వాచ్‌మన్ బాబాయ్. ఆడకుక్కలు ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తాయి, ఆ రక్తం కొద్దిరోజుల్లో ఆగిపోతుంది. మల్లికి నెల దాటినా ఆగలేదు. ఎప్పుడు చూసినా వెనక్కి తిరిగి నాక్కుంటూ ఉండేది. ఈగలు ముసిరేవి, దగ్గరికి వెళ్తే వాసన. దాన్ని గేటు లోపలికి రానివ్వొద్దని అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్‌లు వచ్చాయి. ఎక్కడైనా దూరంగా వదిలేసి రమ్మని ఒకాయన నా మొహం మీదే అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట చూపించిన క్లినిక్‌లో తోక ఎత్తి కూడా చూడకుండా ఇన్ఫెక్షన్ అని మాత్రలు రాసిచ్చారు. అవన్నీ అయిపోయినా తేడా లేదు. ఇక లాభం లేదని తమ్ముడూ నేనూ దాన్ని గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. కుక్క అనగానే ఆటోవాళ్లు ముందుకు పోయేవాళ్లు. చివరికి ఇంట్లో కుక్కను పెంచుకుంటున్న ఒకతను ఆపాడు.

అక్కడ డాక్టరు మేడమ్ గ్లవ్స్ వేసుకుని నెమ్మదిగా విడదీసి చూపించారు. లోపల కాలీఫ్లవర్ పువ్వులాంటి ఎర్రటి గడ్డ, ముట్టుకుంటే చాలు రక్తం. ఒక గాజు స్లైడును దానికి అద్ది, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి నన్నూ చూడమన్నారు. గుండ్రటి కణాలు, వాటి లోపల చిన్న చిన్న ఖాళీ బుడగలు వరసగా కనిపించాయి. "ఇది టీవీటీ అమ్మా, ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్ అంటారు. క్యాన్సరే. కానీ భయపడకండి, మందుకి బాగా లొంగే క్యాన్సర్" అన్నారు. క్యాన్సర్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. తర్వాతి మాటలు తమ్ముడు మళ్లీ చెబితేగానీ బుర్రకెక్కలేదు.

ఇది ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే క్యాన్సర్. మధ్యలో వైరస్ లాంటిదేమీ ఉండదు. జత కట్టినప్పుడో, నాకినప్పుడో, వాసన చూసినప్పుడో బతికున్న క్యాన్సర్ కణాలే ఊడి వచ్చి రెండో కుక్క ఒంటి మీద నాటుకుని పెరుగుతాయి. మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే ఈ గడ్డ కణాల్లో సాధారణంగా 57 నుంచి 64 దాకానే ఉంటాయట. అంటే మల్లి ఒంట్లో పెరుగుతున్నది మల్లి కణాలు కావు. కొన్ని వేల ఏళ్ల కిందట ఎక్కడో ఒక కుక్కలో పుట్టిన కణాలే ఇలా ఒకదాని నుంచి ఒకదానికి పాకుతూ ప్రపంచమంతా తిరుగుతున్నాయి. మనుషులకు మాత్రం అంటదు. ఆ ఒక్క మాట గ్రూపులో పెట్టాక మెసేజ్‌లు చాలావరకు తగ్గాయి.

మందు పేరు విన్‌క్రిస్టిన్. మన పెరట్లో పెరిగే బిళ్లగన్నేరు మొక్క నుంచే దీన్ని తీస్తారు. పిల్లల్లో వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కీ ఇదే వాడతారు. ఆ సంగతి తెలిసిన రోజు మా మేడ మీది కుండీ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అయితే వెంటనే మొదలుపెట్టలేదు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువొచ్చాయి. వీధి కుక్కలకు గోమార్ల వల్ల వచ్చే జ్వరం మల్లికీ ఉంది. ముందు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, గోమార్లు పోయే మందు వేసి, కాస్త కోలుకున్నాకే ఇంజెక్షన్ అన్నారు.

ఇంజెక్షన్ వారానికొకటి, నరానికి. మోతాదు బరువును బట్టి. మందు చుక్క నరం బయట కారినా అక్కడి కండ కుళ్లిపోతుందట, అందుకే ప్రతిసారీ కాన్యులా, అంటే నరంలోకి పెట్టే సన్నటి గొట్టం, కొత్తగా పెట్టి, ముందు సెలైన్ ఎక్కించి చూసి, అప్పుడే మందు ఇచ్చేవారు. కదలకుండా తల పట్టుకోవడం నా పని. మల్లి ఒక్కసారి కూడా కరవలేదు. రక్తంలో తెల్లకణాలు మైక్రోలీటరుకు నాలుగు వేల కంటే తగ్గితే ఆ వారం మందు ఆపేస్తారు. మల్లికి మధ్యలో అలా ఒకసారి ఆగింది. ఆ వారమంతా టెన్షనే.

ఇంజెక్షన్ పడ్డాక ఒకటి రెండు రోజులు వాంతులు. పెరుగన్నం ముట్టేది కాదు, ఉడికించిన చికెన్ నీళ్లు మాత్రం తాగేది. మందు వాటిలో బయటికొస్తుంది కాబట్టి దాని మలమూత్రాలు గ్లవ్స్ లేకుండా తీయొద్దన్నారు. మా మరదలు అప్పుడు కడుపుతో ఉంది, తనను అసలు దగ్గరికి రానివ్వలేదు.

రెండో ఇంజెక్షన్ తర్వాత రక్తం ఆగింది. గడ్డ వారం వారం కరిగిపోయింది. పైకి ఏమీ కనపడకుండా పోగానే ఇంక చాలు అనిపిస్తుంది, చాలామంది అక్కడే మానేస్తారని మేడమ్ చెప్పారు. మిగిలిన కొద్ది కణాలతో అది మళ్లీ పెరుగుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు ఇంజెక్షన్లు పడతాయి, కొన్నింటికి ఎనిమిది దాకా. మల్లికి గడ్డ పోయాక కూడా ఒకటి ఎక్కువే చేశారు. మందు ఖరీదు పెద్దగా లేదు. పరీక్షలకూ, ఆటోలకూ అయిందే ఎక్కువ. మా మీద కోపంగా ఉన్న మూడో అంతస్తు పిన్నిగారే ఒకసారి పిలిచి డబ్బులు చేతిలో పెట్టారు.

రక్తం మామూలుకొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. గుర్తుగా చెవి కొసన చిన్న గాటు పెట్టారు. వీధి కుక్కల్లో ఈ జబ్బు జత కట్టినప్పుడే ఎక్కువగా అంటుతుంది కాబట్టి, ఆపరేషన్లు సరిగ్గా జరిగే చోట ఇది తగ్గుతుంది. వీధి కుక్కలకు ఈ ఆపరేషన్లు చేయించడంపై ప్రభుత్వ నియమాలు 2001 నుంచీ ఉన్నాయి, 2023లో కొత్తవి వచ్చాయి. మా వార్డులో ఆ పని నికరంగా జరగాలని నేనూ తమ్ముడూ ఇప్పుడు అర్జీలు పెడుతున్నాం.

మల్లితో తిరిగే కరియా అనే మగకుక్కకు ముక్కులోంచి రక్తం రావడం మల్లి వైద్యం నడుస్తుండగానే చూశాను. ముక్కులోనూ ఈ గడ్డ వస్తుంది, మగవాటిలో మరీ ఎక్కువ, వాసన చూడడం, నాకడం వాటికే ఎక్కువ కదా. స్లైడులో అవే కణాలు కనిపించాయి. దానికిప్పుడు ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. లోపలి గడ్డ కంటికి కనపడదు కాబట్టి తుమ్ములు, రక్తం ఆగాయని నమ్మి వదిలేయకుండా మళ్లీ పరీక్ష చేయాలన్నారు మేడమ్. వచ్చే వారం తీసుకెళ్లాలి, పాత ఆటో అతనికి ఇప్పటికే ఫోన్ చేశాను.