ఆహార గొలుసుల చాప్టర్ నేనెలా చదివానంటే

ఎన్విరాన్‌మెంట్‌లో ఆహార గొలుసుల చాప్టర్‌ని చాలామంది ఒక పూటలో అవగొట్టేస్తారు. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద: స్కూల్లో చదివిందే కదా అని ధీమా. సివిల్స్ ప్రిలిమ్స్ పాత పేపర్లు ముందేసుకున్నాక నేను దీనికి టైమ్ పెంచాను. గ్రూప్స్ రాసేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

2013లో మూడు స్టేట్‌మెంట్లు ఇచ్చారు. ఏ జీవి దేన్ని తింటుందో వరుసను గొలుసు చూపిస్తుంది. ఒకే జాతి జనాభాలో గొలుసులుంటాయి. ఏ జీవులు ఎన్ని ఆహారమవుతాయో గొలుసు చెబుతుంది. మొదటిదొక్కటే కరెక్ట్. మూడోది చాలామందిని పడగొట్టే రకం, ఎందుకంటే సంఖ్యలు చూపేది పిరమిడ్ (ఒక్కో మెట్టులో ఎంత ఉందో కింది నుంచి పైకి పేర్చి చూపే బొమ్మ). 2014లో డయాటమ్‌లు (నీటిలోని సూక్ష్మ శైవలాలు), క్రస్టేషియన్లు (రొయ్యలు, పీతల జాతి), హెర్రింగ్ చేపల వరుస అడిగారు. హెర్రింగ్ పేరు వినకపోయినా ఫర్వాలేదు. డయాటమ్‌లు ఉత్పత్తిదారులని, అంటే ఎండతో తమ ఆహారం తామే తయారుచేసుకుంటాయని తెలిస్తే రెండు ఆప్షన్లు అక్కడే ఎగిరిపోతాయి.

అందుకే నా నోట్సులో జంతువుల పేర్ల పక్కన స్థాయి నంబర్ రాయడం మానేశాను. నాటుకోడి గింజలు తింటే రెండో పోషక స్థాయి (గొలుసులో మెట్టు, మొక్కలది మొదటిది), మిడతను పట్టుకుంటే మూడోది. స్థాయి తిండిని బట్టి వస్తుంది, జంతువును బట్టి కాదు. బాణం కూడా తినబడేదాని నుంచి తినేదాని వైపే గీయాలి, శక్తి వెళ్లే దారి అదే.

అందరూ వదిలేసేది డెట్రిటస్ గొలుసు, అంటే కుళ్లిన పదార్థంతో మొదలయ్యేది. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులను తీసుకోండి. అక్కడ పచ్చని ఆకును నేరుగా తినేవి తక్కువ. రాలిన ఆకు బురదలో కుళ్లుతుంది, దాన్ని పీతలు, రొయ్యలు తింటాయి, వాటిని చేపలు, చేపలను నీటికుక్కలు, బావురు పిల్లులు. ఇది ఒక్కటి గీసుకుంటే 2021 ప్రశ్న సులువే: వానపాములు, రోకలిబండలు (మిల్లీపీడ్లు), ఉడ్‌లైస్ (తేమలో బతికే చిన్న పురుగుల్లాంటి జీవులు) డెట్రిటస్ తినేవి, జెల్లీఫిష్, సముద్రపు గుర్రం కావు. వానపాము కుళ్లిన పదార్థాన్ని మింగుతుంది. బ్యాక్టీరియా, శిలీంధ్రాలైతే ఎంజైములను బయటికి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటాయి. విచ్ఛిన్నకారులంటే ఇవి. వైరస్‌ను ఈ జాబితాలో కలిపి అడుగుతారు, అది విచ్ఛిన్నకారి కాదు, జాగ్రత్త.

పర్యావరణ శాస్త్రవేత్త లిండెమాన్ 1942లో చెప్పిన పది శాతం సూత్రం సంగతి తెలిసిందే, కింది మెట్టు శక్తిలో పైమెట్టుకు చేరేది సుమారు పది శాతమే: మొక్కల్లో 10,000 జౌళ్లుంటే మిడతకు 1,000, కప్పకు 100. గొలుసులు నాలుగైదు మెట్లకే ఆగిపోయేదీ ఇందుకే. అయితే ఆ పది శాతం కింది స్థాయి శక్తిలో లెక్క, ఎండలో కాదు. ఆకుమీద పడ్డ ఎండలో మొక్క పట్టుకునేది సుమారు 1 శాతమే.

పిరమిడ్లలో ఎప్పుడూ తలకిందులు కానిది శక్తి పిరమిడ్. సముద్రంలో జీవద్రవ్యరాశి (జీవుల మొత్తం బరువు) పిరమిడ్ తిరగబడుతుంది. ప్లవక మొక్కలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) ఎంత వేగంగా పుడతాయో అంత వేగంగా తినేయబడతాయి కాబట్టి, ఏ క్షణాన తూచినా అవే తక్కువ.

దీని వెంటనే జైవిక వృద్ధీకరణం, అంటే గొలుసులో పైకి పోయేకొద్దీ విషం పేరుకోవడం, చదివేయండి. శక్తి పైకి పోయేకొద్దీ తగ్గితే, కొవ్వులో పేరుకునే డీడీటీ అనే పురుగుమందు పెరుగుతుంది. రాబందుల చావుల విషయాన్ని మాత్రం ఇందులో కలపొద్దు. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన పశువు కళేబరం తిని, కిడ్నీలు పాడై చనిపోయాయవి. అది మెట్టు మెట్టుకూ పేరుకున్న విషం కాదు. పశువులకు ఆ మందును మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ సంవత్సరం కూడా నోట్సులో రాసుకోండి.